కనిపించని కంచె కాపాడుతుందా?

సూరత్ నగరానికి దక్షిణంగా, నవసారి వెళ్లే దారిలో సచిన్ ఉంది. ఒకప్పుడు అది సిద్దీ నవాబులు పాలించిన చిన్న సంస్థానం. ఇప్పుడు మరమగ్గాలు, అద్దకపు మిల్లులు, రసాయన కర్మాగారాలతో నిండిన పారిశ్రామికవాడ. సూరత్ మగ్గాల మీద పనిచేసేవారిలో వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి వలస వెళ్లిన తెలుగువారు చాలామంది ఉన్నారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోందంటే అక్కడ మనవాళ్లు ఎంతగా స్థిరపడ్డారో ఊహించుకోవచ్చు.

సచిన్‌లో చిన్న మగ్గాల షెడ్డు నడిపే ఒక మిత్రుడు ఆ మధ్య నా చేతిలో ఒక ఇంగ్లీషు కరపత్రం, దానితోపాటు వాడుక పుస్తకం పెట్టాడు. "అన్నా, ఇందుల ఏం రాసిన్రో జర తెలుగుల చెప్పు" అన్నాడు. అది కుక్కలను ఆవరణ దాటిపోకుండా ఆపే 'కనిపించని కంచె' గురించిన సమాచారం. అతని షెడ్డులో మోతీ అనే దేశవాళీ కుక్క ఉంది. అంతకుముందు ఉన్న కుక్క గేటు ముందే టెంపో కింద పడి చచ్చిపోయింది. నూలు తెచ్చే బండ్లు, నేసిన తాకాలు తీసుకెళ్లే బండ్లు రోజంతా వస్తూ పోతూ ఉంటాయి. "గేటు మూసుకుంట తెరుసుకుంట కూసుంటె పని ఎట్ల నడుస్తది?" అన్నది అతని ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే.

ఆ కరపత్రం ముఖ్యంగా మూడు మాటలు చెబుతోంది. ఒకటి, ఈ కంచె ఉంటే మీ కుక్క భద్రంగా ఉంటుంది. రెండు, దీనివల్ల కుక్కకు నొప్పి ఉండదు. మూడు, గోడ కంటే ఇది మేలు. విజ్ఞానశాస్త్రం చదువుకునే మీరు ఇలాంటి మాటలను నమ్మడానికీ, కొట్టిపారేయడానికీ ముందు పరీక్షించి చూడాలి. ఆ పనిని ఇక్కడ కలిసి చేద్దాం.

నేలలో తీగ, మెడలో పట్టీ

మొదట ఆ పరికరం ఎలా పనిచేస్తుందో చూద్దాం. దీనికి పేటెంటు పొందినది రిచర్డ్ పెక్ అనే అమెరికన్. ఆయన సంస్థే దీన్ని మొదటిసారి అమ్మకానికి పెట్టింది. ఆవరణ చుట్టూ కొద్ది లోతులో ఒక తీగ పాతుతారు. దాని రెండు కొనలను ఇంట్లోని ట్రాన్స్‌మిటర్‌కు కలుపుతారు. ట్రాన్స్‌మిటర్ ఆ తీగలోకి స్వల్పమైన ఏకాంతర విద్యుత్తును పంపుతుంది. దాని పౌనఃపున్యం సాధారణంగా కొన్ని కిలోహెర్ట్జ్ ఉంటుంది.

విద్యుత్తు ప్రవహించే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుందని 1820లో ఆయిర్‌స్టెడ్ కనుగొన్నాడు. మారుతున్న అయస్కాంత క్షేత్రం తీగచుట్టలో విద్యుచ్ఛాలక బలాన్ని ప్రేరేపిస్తుందని 1831లో ఫారడే చూపించాడు. కనిపించని కంచె మొత్తం ఈ రెండు సూత్రాల మీదే నిలిచి ఉంది. నేలలోని తీగ మొదటి సూత్రానికి, కుక్క మెడపట్టీలోని చిన్న తీగచుట్ట రెండో సూత్రానికి ఉదాహరణలు. కుక్క తీగ దగ్గరకు వచ్చేకొద్దీ చుట్టలో ప్రేరిత బలం పెరుగుతుంది. అది ఒక హద్దు దాటగానే పట్టీ మొదట 'కీ'మని మోగుతుంది. అయినా కుక్క ముందుకు పోతే, పట్టీలోని బ్యాటరీ నుండి శక్తి తీసుకున్న చిన్న వలయం, చర్మానికి ఆనుకుని ఉన్న రెండు లోహపు మొనల ద్వారా విద్యుత్ ఘాతం ఇస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. షాక్ కొట్టేది నేలలోని తీగ కాదు, మెడలోని పట్టీ. తీగ ఇచ్చేది సంకేతం మాత్రమే. ఆ సంకేతం ఎంత బలహీనమైనదో లెక్క వేసి చూడండి. తీగలో 0.1 ఆంపియరు విద్యుత్తు ప్రవహిస్తున్నదనుకుందాం. పొడవైన తిన్నని తీగ నుండి ఒక మీటరు దూరంలో క్షేత్రం 2 × 10⁻⁷ ను 0.1 తో గుణిస్తే వస్తుంది. అంటే 20 నానోటెస్లాలు. మనదేశంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు, అంటే దీనికి 2,000 రెట్లు. అయినా పట్టీ ఈ చిన్న క్షేత్రాన్ని ఎలా గుర్తిస్తుంది? భూమి క్షేత్రం దాదాపు స్థిరంగా ఉంటుంది, తీగ క్షేత్రం సెకనుకు వేలసార్లు దిశ మార్చుకుంటుంది. కదలని చుట్టలో స్థిరమైన క్షేత్రం ఏమీ ప్రేరేపించలేదు. కుక్క కదలికవల్ల ప్రేరేపితమయ్యేది కూడా చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి, పట్టీలోని వలయం దాన్ని వడగట్టేస్తుంది.

మరొక చమత్కారం. ట్రాన్స్‌మిటర్ నుండి సరిహద్దు దాకా వెళ్లే రెండు తీగలను ఒకదానితో ఒకటి పురి పెట్టి మెలివేస్తారు. ఒక తీగలో విద్యుత్తు ముందుకు పోతుంటే రెండో దానిలో వెనక్కి వస్తుంది. రెండింటి క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందువల్ల కుక్క ఆ తీగల మీదుగా ఎన్నిసార్లు నడిచినా పట్టీ మోగదు. టెలిఫోను తీగలను మెలివేయడంలో ఉన్న సూత్రం ఇదే.

మీరు చేసి చూడగల ఒక చిన్న ప్రయోగం ఉంది. ఇంట్లో పాత మీడియం వేవ్ రేడియో ఉంటే ఏదైనా ఒక కేంద్రాన్ని పట్టుకుని, రేడియోను బల్ల మీద నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ఒక దిశలో ధ్వని బాగా తగ్గిపోతుంది. రేడియో లోపలి ఫెర్రైట్ కడ్డీ మీది తీగచుట్ట, క్షేత్రరేఖలకు ఒక స్థితిలోనే బాగా స్పందిస్తుందని దీనివల్ల తెలుస్తుంది. ఇప్పుడు కుక్కను ఊహించుకోండి. అది తల తిప్పుతుంది, నేలను వాసన చూస్తుంది, పడుకుని దొర్లుతుంది. పట్టీలో ఒకే చుట్ట ఉంటే కొన్ని భంగిమల్లో సంకేతం అందదు. అందుకే మంచి పట్టీల్లో మూడు దిశల్లో మూడు చుట్టలు అమరుస్తారు. భౌతికశాస్త్రం వరకు ఇది తెలివైన పరికరమే. దాన్ని మెచ్చుకోవడానికి వెనుకాడనక్కరలేదు. విమర్శ మొదలయ్యేది కుక్క దగ్గర.

'కరెక్షన్' అంటే ఏమిటి?

వాడుక పుస్తకాన్ని తెలుగులో చెబుతుండగా నేను ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆ పుస్తకంలో 'షాక్' అన్న మాట వెతికినా కనబడదు. దాని స్థానంలో 'స్టాటిక్ కరెక్షన్' అని ఉంది. దాన్ని తెలుగులో ఎలా చెప్పాలి? 'స్థిర విద్యుత్ దిద్దుబాటు' అనవచ్చు. కాని ఉపాధ్యాయుడు లెక్క దిద్దినప్పుడు తప్పు ఎక్కడుందో పిల్లవాడికి తెలుస్తుంది, ఒప్పు ఏమిటో కూడా తెలుస్తుంది. ఇక్కడ కుక్కకు తెలిసేది మెడ మీద తగిలిన దెబ్బ మాత్రమే. చివరకు నేను 'షాక్' అనే చెప్పాను. మిత్రుడికి ఒక్క క్షణంలో అర్థమయింది. ఇంగ్లీషులో మెత్తగా కనిపించిన వాక్యం తెలుగులో గరుకుగా వినిపించింది. వస్తువు మారలేదు. దాని మీది ముసుగు తొలగిందంతే.

కరపత్రం మరో పోలిక తెచ్చింది. తివాచీ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుందే, అంతేనట. సూరత్ పాలియెస్టరు బట్టల ఊరు. చలికాలంలో చొక్కా విప్పుతుంటే చిటపటలాడటం అక్కడ అందరికీ అనుభవమే. ఆ నిప్పురవ్వ శక్తి ఎంత? మన శరీరం ధారిత సుమారు 100 పికోఫారడ్లు. అది 10,000 వోల్టులకు ఆవేశితమయిందనుకుంటే, ½CV² సూత్రం ప్రకారం శక్తి 5 మిల్లీజౌళ్లు. వేల వోల్టులున్నా శక్తి స్వల్పం. కాబట్టి వోల్టుల సంఖ్య చూసి భయపడటం శాస్త్రీయం కాదు.

కాని ఆ సంఖ్యను చూసి ధైర్యపడటమూ శాస్త్రీయం కాదు. తివాచీ రవ్వ వేలి కొసకు ఒక్కసారి తగులుతుంది. పట్టీ ఇచ్చేది వెంటవెంటనే తగిలే ఘాతాల వరుస. అది తగిలేది మెడకు. అక్కడినుండి తీసేసుకునే వీలు కుక్కకు లేదు. బొచ్చు ఎంత దట్టంగా ఉంది, చర్మం తడిగా ఉందా పొడిగా ఉందా, మొనలు ఎంత గట్టిగా ఆనాయి అన్నదాన్ని బట్టి ఒకే అమరికలో ఒక కుక్కకు చీమ కుట్టినట్లుంటే, మరో కుక్కకు తేలు కుట్టినట్లుండవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది తర్కం. ఆ షాక్ బాధ కలిగించకపోతే కుక్క ఎందుకు ఆగుతుంది? పిల్లి కనబడినప్పుడు, ఆడకుక్క వాసన తగిలినప్పుడు, దీపావళి టపాకాయలు పేలినప్పుడు పుట్టే తొందరను ఆపాలంటే ఆ ఘాతం వాటన్నిటికంటే బలంగా అనిపించాలి. నొప్పి లేదన్న మాట నిజమైతే కంచె పనిచేయదు. కంచె పనిచేస్తున్నదంటే నొప్పి, లేదా నొప్పి వస్తుందన్న భయం ఉన్నట్లే. ఈ రెండు మాటల్లో ఏదో ఒకటే నిజం కాగలదు. కరపత్రం రెండింటినీ ఒకే పేజీలో అచ్చు వేసింది.

కుక్క నేర్చుకునే పాఠం

గంట మోగించి ఆహారం పెడితే, కొన్నాళ్లకు గంట మోగగానే కుక్కకు లాలాజలం ఊరుతుందన్న పావ్లోవ్ ప్రయోగాలు మీరు చదివే ఉంటారు. ఇక్కడ గంట బదులు 'కీ' శబ్దం, ఆహారం బదులు షాక్. కొన్ని రోజుల శిక్షణలో, సరిహద్దు వెంట చిన్న జెండాలు పాతి, కుక్కను పగ్గంతో పట్టుకుని తిప్పుతూ శబ్దం వినగానే వెనక్కి తిరగడం అలవాటు చేస్తారు. ఆ తర్వాత సాధారణంగా శబ్దమే సరిపోతుంది.

ఇలా నేర్చుకున్న భయం ఎంత గట్టిగా నిలుస్తుందో 1953లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ సాలమన్, ఆయన సహచరులు కుక్కలపై చేసిన ప్రయోగాల్లో తేలింది. సూచన రాగానే అడ్డుగోడ దూకి షాక్ తప్పించుకోవడం నేర్చుకున్న కుక్కలు, షాక్ పూర్తిగా ఆపేసిన తర్వాత కూడా దూకుతూనే ఉన్నాయి. కారణం ఆలోచించండి. దూకిన ప్రతిసారీ షాక్ తగలలేదు. తాను దూకడంవల్లే తగలలేదన్నట్లు ఆ అలవాటు మరింత గట్టిపడింది. షాక్ లేదని తెలుసుకోవాలంటే ఒకసారి దూకకుండా ఉండి చూడాలి. భయం ఆ పరీక్ష చేయనివ్వదు.

మరి సూచన లేకుండా, తప్పించుకునే దారి లేకుండా షాక్ తగిలితే? 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ ప్రచురించిన ప్రయోగాలు ఈ ప్రశ్నకు జవాబిచ్చాయి. ఏమి చేసినా తప్పని షాక్‌లు తిన్న కుక్కల్లో చాలా భాగం, తర్వాత సులువుగా తప్పించుకునే అవకాశం ఇచ్చినా ప్రయత్నించలేదు. మూలుగుతూ అక్కడే పడుకున్నాయి. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ వివరణను సవరించుకున్నారు. దీర్ఘమైన బాధకు నిస్సహాయంగా ఉండిపోవడం సహజ ప్రతిస్పందన అనీ, నేర్చుకోవలసింది 'పరిస్థితి నా చేతిలో ఉంది' అన్న సంగతి అనీ వారు రాశారు. శాస్త్రజ్ఞులు తమ మాటను తామే దిద్దుకోవడం ఎలా ఉంటుందో దీన్ని చూసి నేర్చుకోవచ్చు.

కాబట్టి కనిపించని కంచె విషయంలో అడగవలసిన మొదటి ప్రశ్న 'షాక్ ఎంత?' అన్నది మాత్రమే కాదు. 'షాక్ ఎప్పుడు, ఎక్కడ తగులుతుందో కుక్కకు ముందే తెలుస్తుందా?' అన్నది కూడా. 2007లో జర్మనీలోని హానోవర్‌లో ప్రయోగశాల బీగిల్ కుక్కలపై జరిగిన అధ్యయనం ఈ తేడాను కొలిచింది. వేటవస్తువును ముట్టుకున్నప్పుడే షాక్ తగిలిన కుక్కల కంటే, ఏ సంబంధమూ లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు షాక్ తగిలిన కుక్కల్లో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ ఎక్కువగా పెరిగింది.

ఎదుటి పక్షానికి కూడా న్యాయం చేద్దాం

ఈ కంచెను సమర్థించేవారికి కూడా బలమైన వాదన ఉంది. సరిగా అమర్చి, సరిగా శిక్షణ ఇస్తే దీనిలో షాక్ ఎప్పుడూ ఒకే చోట, శబ్దం తర్వాతే వస్తుంది. పైన చెప్పిన హానోవర్ ఫలితం ఒక విధంగా వారికి అనుకూలమే. 2016లో ఇంగ్లండులోని లింకన్ పరిశోధకులు, ఏడాదికి పైగా ఇలాంటి కంచెల్లో ఉన్న పిల్లులను పరిశీలించి, వాటి సంక్షేమం దెబ్బతిన్నట్లు ఆధారాలు కనబడలేదన్నారు. రోజంతా మూరెడు గొలుసుతో కట్టేసిన కుక్క కంటే, పట్టీ ధరించి స్వేచ్ఛగా తిరిగే కుక్క మెరుగు కాదా అన్న ప్రశ్న కూడా తోసిపుచ్చదగినది కాదు. మనదేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం, జంతువును మరీ పొట్టి గొలుసుతో లేదా బరువైన గొలుసుతో అనుచితమైనంత కాలం కట్టివేయడం నేరమే.

మరోవైపు, అదే లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో 63 పెంపుడు కుక్కలపై ప్రచురించిన అధ్యయనం రిమోట్‌తో నడిచే షాక్ పట్టీలను, బహుమతులతో ఇచ్చే శిక్షణను పోల్చింది. పిలిస్తే రాకపోవడం వంటి అలవాట్లను మాన్పించడంలో షాక్ పట్టీలకు ప్రత్యేకమైన పైచేయి ఏమీ కనబడలేదు. వాటివల్ల సంక్షేమానికి ముప్పు ఉందని మాత్రం తేలింది. ఇది కంచె కాదు, శిక్షణ పట్టీ అని గుర్తుంచుకోవాలి. రెండింటినీ కలిపేసి మాట్లాడటం ఇరుపక్షాలూ చేసే పొరపాటు. వేల్స్ దేశం మాత్రం 2010లోనే కుక్కలకు, పిల్లులకు రెండు రకాల పట్టీలనూ నిషేధించింది.

భద్రత లెక్క

ఇక కరపత్రంలోని అతి పెద్ద మాటకు వద్దాం. ఈ కంచె కుక్కను భద్రంగా ఉంచుతుందా? 2017లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం 974 కుక్కల యజమానులను ప్రశ్నించింది. ఎలక్ట్రానిక్ కంచెల్లో ఉన్న కుక్కల్లో 44 శాతం ఎప్పుడో ఒకసారి తప్పించుకుపోయాయి. మామూలు కంచెల్లో ఉన్న కుక్కల్లో అలా పోయినవి సుమారు 23 శాతం. ఇది యజమానులు చెప్పిన సమాచారమే గాని నియంత్రిత ప్రయోగం కాదు. అయినా 'గోడ కంటే మేలు' అన్న మాట దీని ముందు నిలబడదు.

ఎందుకిలా జరుగుతుందో మీరే లెక్క వేయవచ్చు. సంకేతం అందే పట్టీ వెడల్పు 2 మీటర్లు అనుకోండి. కుక్క సెకనుకు 8 మీటర్ల వేగంతో పరిగెత్తితే ఆ 2 మీటర్లను దాటడానికి పట్టేది పావు సెకను. శబ్దం విని, అర్థం చేసుకుని, ఆగి, వెనక్కి తిరగడానికి ఆ సమయం చాలదు. షాక్ తగిలేసరికి కుక్క రోడ్డు మీద ఉంటుంది. అసలు ప్రమాదం ఇప్పుడే మొదలవుతుంది. ఉద్రేకం చల్లారాక అది ఇంటికి రావాలనుకుంటుంది. సరిహద్దు దగ్గరకు రాగానే పట్టీ మళ్లీ మోగుతుంది. పారిపోయేటప్పుడున్న తొందర తిరిగి వచ్చేటప్పుడు ఉండదు. అందుకని అది బయటే నిలబడిపోతుంది. లోపల ఉంచవలసిన కంచె ఇప్పుడు కుక్కను బయట ఉంచుతోంది. కంచే చేను మేసినట్లు అంటారే, అలాగన్నమాట.

రెండో లోపం ఇంకా సూటిగా ఉంది. ఈ కంచె పట్టీ కట్టుకున్న కుక్కకే కంచె. వీధికుక్క మెడలో పట్టీ లేదు. దానికి అక్కడ గీతా లేదు, గోడా లేదు. అది నేరుగా లోపలికి వస్తుంది, పట్టీ ఉన్న కుక్క వెనక్కి తగ్గి పారిపోయే చోటు పరిమితం. అమెరికా శివారు వాడల్లో, వీధికుక్కలు దాదాపు లేని చోట, చాలా కాలనీల్లో ముందువైపు గోడలు కట్టనివ్వని నియమాలున్న చోట ఈ పరికరం పుట్టింది. అక్కడి సమస్యకు అది జవాబు. మన వీధుల్లో సమస్య వేరు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల పిల్లవాడు ప్రాణాలు కోల్పోయిన సంఘటన మీకు గుర్తుండే ఉంటుంది. రేబిస్ లక్షణాలు కనబడిన తర్వాత మనిషిని బ్రతికించడం దాదాపు అసాధ్యం. ఆవరణలో కుక్కకు నిజమైన భద్రత మొదట రేబిస్ టీకాతో, తర్వాత బయటి కుక్కను ఆపే అడ్డుతో మొదలవుతుంది. కనిపించని కంచె ఈ రెండూ ఇవ్వదు.

మూడోది మనుషుల భద్రత. కుక్కకు షాక్ తగిలిన క్షణంలో సరిహద్దు దగ్గర ఎవరు నిలబడి ఉంటే, ఆ బాధకు వారే కారణమని అది జత కలుపుకోవచ్చు. ఇలాంటి కంచెల్లో ఉన్న కుక్కలు మనుషుల మీద తీవ్రంగా దాడి చేసిన ఐదు సందర్భాలను 2000లో పోల్‌స్కీ అనే పరిశోధకుడు వివరించాడు. ఐదు సందర్భాలు హెచ్చరిక అవుతాయి గాని రుజువు కావు. పైన చెప్పిన 974 కుక్కల అధ్యయనంలో కంచె రకానికీ కరిచిన చరిత్రకూ సంబంధం కనబడలేదు. కాబట్టి 'ఈ కంచెలు కుక్కలను క్రూరంగా మారుస్తాయి' అని గట్టిగా చెప్పడం కూడా కరపత్రం చేసిన తప్పునే ఎదురువైపు నుండి చేయడం అవుతుంది.

మగ్గాల షెడ్డులో పెడితే

ఇప్పుడు ఈ విషయాలను సచిన్ షెడ్డుకు అన్వయిద్దాం. ఆవరణ 12 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల పొడవు అనుకోండి. వైశాల్యం 216 చదరపు మీటర్లు. చుట్టూ 2 మీటర్ల మేర కుక్క వెళ్లకూడని పట్టీ వదిలితే మిగిలేది 8 × 14, అంటే 112 చదరపు మీటర్లు. దాదాపు సగం పోయింది. మిగిలిన సగంలో షెడ్డు ఉంది. తీగ లేకుండా ఉపగ్రహ సంకేతాలతో నడిచే పట్టీలు కూడా వచ్చాయి. వాటిలో స్థానాన్ని గుర్తించడంలోనే కొన్ని మీటర్ల దోషం ఉంటుంది. వందల ఎకరాల మేతభూమిలో అది లెక్కలోకి రాదు. ఇంత చిన్న ఆవరణలో గేటు లోపలా బయటా అన్న తేడాయే చెరిగిపోతుంది.

షెడ్డు నిండా విద్యుత్ కేబుళ్లు, ఇనుప పైపులు, రేకుల గోడలు ఉన్నాయి. కంచె తీగకు సమాంతరంగా కేబుల్ వెళ్తుంటే ఫారడే సూత్రం దానికీ వర్తిస్తుంది. సంకేతం అందులో ప్రేరేపితమై, మనం ఊహించని మూలకు ప్రయాణిస్తుంది. మోటార్ల వేగాన్ని మార్చే ఇన్వర్టర్ డ్రైవులు కూడా కిలోహెర్ట్జ్ స్థాయిలోనే పనిచేస్తాయి. మంచి పట్టీలు తమ సంకేతాన్ని సంకేతలిపిలో గుర్తుపట్టి ఇతర రొదను వదిలేస్తాయి గాని, చౌకరకం పట్టీల విషయంలో ఆ హామీ లేదు. అలాంటి చోట కుక్కకు పడుకునే మూలలోనే, ఏ కారణమూ లేకుండా షాక్ తగలవచ్చు. ఇందాక చెప్పుకున్న 1967 నాటి ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. ఎటు పోతే తప్పుతుందో తెలియని షాక్ అది.

వాడుక పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఇంకొక వాక్యం ఉంది. పట్టీని రోజుకు 12 గంటలకు మించి ఉంచకూడదట. లోహపు మొనలు ఒకేచోట ఒత్తుకుని చర్మం పుండు పడుతుంది. మగ్గాలు పగలూ రాత్రీ నడుస్తాయి, గేటు కూడా అలాగే తెరుచుకుంటుంది. మిగిలిన 12 గంటలు మోతీని ఎవరు కాపాడాలి? కరపత్రం మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఇచ్చిన హామీని చివరి పేజీలో చిన్న అక్షరాలు సగానికి తగ్గించాయి.

ఒక హెచ్చరిక

ఇదంతా చదివి ఎవరైనా సొంతంగా 'కంచె' తయారుచేయాలనుకుంటే దయచేసి ఆ ప్రయత్నం మానుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో అడవిపందుల కోసం పొలం చుట్టూ తీగ కట్టి, దానికి ఇంటి కరెంటు కలపడంవల్ల మనుషులు, పశువులు చనిపోయిన వార్తలు ఏటా చూస్తున్నాం. అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం. గుజరాత్ రైతులు 'ఝట్కా మెషీన్' అని పిలిచే పరికరం వేరు. అది సెకనుకు సుమారు ఒకసారి, అతి తక్కువ కాలం ఉండే ఘాతాన్ని మాత్రమే తీగలోకి పంపుతుంది. అలాంటి పరికరాల్లో ఒక ఘాతం శక్తి 500 ఓమ్‌ల నిరోధంలో 5 జౌళ్లకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణం. నేరుగా కలిపిన 230 వోల్టుల తీగకు అలాంటి హద్దేమీ లేదు. పట్టుకున్న చేయిని అది వదలనివ్వదు.

చివరకు ఏం చేశాడు?

ఈ లెక్కలన్నీ మిత్రుడికి ఒక మధ్యాహ్నం కాగితం మీద వేసి చూపించాను. అతను కాసేపు ఆలోచించి, "మరి మోతీకి ఏం చెయ్యమంటవు?" అన్నాడు. విమర్శకుడు తప్పించుకోకూడని ప్రశ్న అది. వద్దని చెప్పడం తేలిక. గేటు తెరిచే ఉంటుంది, టెంపోలు వస్తూనే ఉంటాయి.

మేము కట్టుకున్న పరిష్కారంలో కొత్తదనం ఏమీ లేదు. బండ్లు ఆగే జాగాకూ, షెడ్డు వెనుక ఖాళీ జాగాకూ మధ్య ఇనుప జాలీతో అడ్డు, దానికి మనుషులు పోయేంత చిన్న గేటు. దానంతటదే మూసుకునేలా ఒక స్ప్రింగు. వెనుక జాగాలో నీడ, నీళ్లతొట్టి. రాత్రి ప్రధాన గేటు మూశాక మోతీ ఆవరణ అంతా తిరుగుతుంది. జాలీ వీధికుక్కను కూడా ఆపుతుంది. కరెంటు పోయినా ఆపుతుంది. బ్యాటరీ అయిపోవడమన్నది దానికి లేదు. అది ఎక్కడుందో మోతీకి కళ్లతో కనబడుతుంది. ఎక్కడ ఆగాలో తెలుసుకోవడానికి దెబ్బ తినవలసిన పని లేదు.

నేను మొదట అనుకున్నంత తేలికగా అది కుదరలేదు. మొదటి వారం స్ప్రింగు బిగువు చాలక గేటు రెండుసార్లు తెరుచుకునే ఉండిపోయింది. కూలీలు తాకాలు మోస్తూ కాలితో తోసి వదిలేశారు. స్ప్రింగు మార్చారు. ఏ కంచె అయినా దాన్ని చూసుకునే మనిషి లేకుండా పనిచేయదన్నది కనిపించే కంచెకూ వర్తిస్తుంది.

రేపు మీ ఇంటికి కూడా ఇలాంటి కరపత్రం ఏదో ఒకటి వస్తుంది. కుక్క పట్టీ గురించి కాకపోవచ్చు, నీళ్ల యంత్రం గురించో, దోమల యంత్రం గురించో కావచ్చు. అప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఏ సూత్రం మీద పనిచేస్తుంది? ఇది ఎక్కడి సమస్య కోసం పుట్టింది, నా సమస్య అదేనా? 'భద్రం' అన్న మాట ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు? మూడో ప్రశ్నకు జవాబు చెప్పలేనివారు ఆవరణలో ఒకరుంటారు. మోతీకి ఇంగ్లీషు రాదు, తెలుగు రాదు. దాని తరఫున వాడుక పుస్తకాన్ని చివరి పేజీ దాకా చదవవలసింది మనమే.